మాలు తాగిన పైపు: మధురవాడలో నా మొదటి సొంత కాంట్రాక్టు

"మాస్టారూ, ఈ గదిలో మంచం ఎటు వేస్తారు?" అని నేను అడిగేటప్పటికి అక్కడ గదే లేదు. కింద సరుగుడు కర్రలు, వాటి మీద సెంట్రింగ్ రేకులు, ఆ పైన ఇనుప చువ్వల జల్లెడ. ఇల్లు కట్టించుకుంటున్న మాస్టారు ఆ చువ్వల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి, "ఇంకా గోడలే లేవాయె బాబూ, మంచం సంగతి ఇప్పుడెందుకు?" అన్నారు.

నిజానికి అడగాల్సింది అప్పుడే. తలగడ ఎటు వస్తుందో తెలిస్తే ఫ్యానూ లైటూ మంచం దగ్గర్నుంచే ఆపుకునే టూవే స్విచ్చు ఎటు గోడకు దించాలో తెలుస్తుంది. బీరువా ఎక్కడ పెడతారో తెలిస్తే ఆ గోడకు స్విచ్ బోర్డు పెట్టకుండా ఉంటాం. అప్పుడు అడగకపోతే గృహప్రవేశం అయిన మర్నాడు బీరువా వెనక్కి చెయ్యి దూర్చి స్విచ్చు వేసుకుంటూ మనల్ని తిట్టుకుంటారు.

ఇది 2019 మే నెల సంగతి. నాది గాజువాక. కంచరపాలెం ఐటీఐలో రెండేళ్ళు ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి 2015లో బయటకొచ్చాను. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒక మేస్త్రి గారి దగ్గర హెల్పరుగా మొదలై పనివాడినయ్యాను. మొదట్లో రోజుకి రెండొందల యాభై ఇచ్చేవారు. ఐటీఐలో నేర్చుకున్నది పనికిరాదని చాలామంది అంటారు గానీ నేనలా అనను. ఓమ్స్ లా, మోటారు కనెక్షన్లు, వైరు తోలు బాగుందో లేదో చూసే మెగ్గరు పట్టుకోవడం అక్కడే వచ్చాయి. అయితే ఇల్లు కట్టేచోట పని ఏ రోజున చెయ్యాలి, ఏ రోజు దాటితే ఇక చెయ్యలేం అన్నది మాత్రం మేస్త్రి గారి దగ్గరే తెలిసింది.

మాస్టారిది కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు. రిటైరై వచ్చిన డబ్బుతో కట్టుకుంటున్నారు. మా మేస్త్రి గారికి వేరే సైటు ఉండి, "నువ్వే ఒప్పుకోరా, ఎన్నాళ్ళని నా ఎనకాల తిరుగుతావు" అని నన్ను పంపారు. ఒక్కో లైటుకీ, ఫ్యానుకీ, ప్లగ్గుకీ ఇంత అని పాయింటు లెక్కన మాట్లాడుకున్నాం. సామాను మాస్టారిది, చేతిపని నాది. తోడుగా మా వీధిలో తమ్ముడొకడు హెల్పరుగా వచ్చాడు.

స్లాబు పైపింగు మాకు ఎప్పుడూ ఉరుకుల పరుగుల పనే. రాడ్ బెండింగు వాళ్ళు కింది చువ్వలు కట్టి, పై చువ్వలు పూర్తిగా కట్టేలోపు మధ్యలో మనకు దొరికే సందు ఒక పూట. ముందు గదుల కొలతలు తీసి రేకుల మీద సుద్దతో గీతలు కొట్టుకోవాలి. గోడలు ఎక్కడ లేస్తాయో ఆ గీతలే చెబుతాయి. గది మధ్యకి ఫ్యాను బాక్సు. దాని హుక్కుని చువ్వకి బైండింగ్ వైరుతో బిగించి, బాక్సు నిండా తడి కాగితాలు కుక్కి, మూతి రేకుకి ఆనేలా పెట్టాలి. ఆనకపోతే రేకులు విప్పాక బాక్సు కనిపించదు, సీలింగు నున్నగా ఉంటుంది, ఎక్కడుందో సుత్తితో కొడుతూ వెతుక్కోవాలి. బాక్సు నుంచి గోడ వైపు 25 ఎంఎం పైపు. గోడ దగ్గర బీము అడుగు చెక్కకు రంధ్రం చేసి పైపు మూతిని కిందికి దించుతాం. మలుపు దగ్గర ఎల్బో వేయకూడదు, పొడుగు బెండు వేయాలి. ఎల్బోలో వైరు ఒంగదు, లాగినప్పుడు తోలు ఊడుతుంది.

పైపులన్నీ ఒకేచోట గుంపుగా పోనివ్వకూడదు. స్లాబు మందమే ఐదు అంగుళాలు. కింద చువ్వ, పైన చువ్వ, ఆ సందులో మన పైపు. ఒకదాని మీద ఒకటి మూడు పైపులు దాటించామంటే అక్కడ కాంక్రీటుకి చోటుండదు. సైటు చూసుకునే ఇంజినీరు గారు మెట్ల దగ్గర నా పైపుల కట్ట చూసి, "ఇది స్లాబా, పైపుల కొట్టా?" అన్నారు. విప్పి నాలుగు అంగుళాల ఎడంతో మళ్ళీ పరిచాను. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆయన అన్నదే సబబు.

మర్నాడు స్లాబు. తెల్లవారుజామున ఐదింటికే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేసింది. మాస్టారి భార్య మిల్లరుకి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వాళ్ళమ్మాయి ఆ తంతు అంతా ఫోనులో ఫొటోలు తీసింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీల గుంపు, ఆడా మగా కలిపి ఓ ఇరవై మంది. వాళ్ళు మొదలుపెట్టారంటే ఇక ఆగరు. "ఓ కరెంటు బావూ, పక్కకి జరుగు, మాలు ఒస్తంది" అని అరుస్తూనే ఉంటారు. మాలు అంటే కలిపిన కాంక్రీటు.

స్లాబు పడుతున్నంతసేపు ఎలక్ట్రీషియను అక్కడే నిలబడాలి. ఇది మా మేస్త్రి గారి మొదటి పాఠం. చేతిలో పైపులు కలిపే కాలర్లు ఓ నాలుగు, అవి అంటించే సొల్యూషన్ డబ్బా, బైండింగ్ వైరు, హాక్సా బ్లేడు ఉండాలి. తట్ట ఎత్తుకొచ్చే మనిషి పైపు మీద కాలేస్తాడు. మాలుని కుదిపే వైబ్రేటరు సూది పైపుకి తగిలితే కాలరు దగ్గర జారుతుంది. పగిలిన చోటు అప్పుడు చూస్తే రెండు నిమిషాల పని. మాలు కప్పేశాక చూడలేం.

తొమ్మిదిన్నర దాకా నేను కదల్లేదు. తెల్లారి నాలుగింటికి లేచిన ఒళ్ళు, మే నెల ఎండ, కడుపులో ఏమీ లేదు. హాలు వైపు పని మొదలవబోతుంటే తమ్ముణ్ణి నిలబెట్టి, "పావుగంటలో వస్తాను" అని రోడ్డు మీదికి ఇడ్లీలకి వెళ్ళాను. అరగంట అయింది. తిరిగొచ్చేసరికి హాలు అంతా నున్నగా చదును చేసి ఉంది. "ఏమన్నా అయిందా?" అంటే వాడు "ఏటీ అవలేదు అన్నా" అన్నాడు. నేనూ నమ్మాను. నమ్మాలనిపించింది కూడా.

తర్వాత రెండు నెలలు మాకు పెద్ద పని లేదు. క్యూరింగు, రేకులు విప్పడం, ఫ్లైయాష్ ఇటుకతో గోడలు లేవడం. గోడలు లేచాక వాటిలో పైపులు దించడానికి గాడి కొట్టడం మొదలుపెట్టాం. కటింగ్ మెషీనుతో రెండు గీతలు కోసి మధ్యలో ఉలితో తవ్వడం. ఆ దుమ్ము గురించి చెప్పను, ముఖానికి గుడ్డ కట్టుకున్నా రాత్రి దగ్గితే అదే. గాడి ఎప్పుడూ నిలువుగానే కొట్టాలి. నాలుగంగుళాల గోడకి అడ్డంగా గాడి కొడితే గోడని సగానికి కోసినట్టే. బోర్డుల ఎత్తు అన్ని గదుల్లో ఒకే వరుసన రావడానికి నీళ్ళ ట్యూబుతో మట్టం తీసి గీత కొట్టుకుంటాం, బాక్సు వంకర లేకుండా రసమట్టం పెట్టి చూసుకుంటాం. బాక్సు ప్లాస్టరింగ్ మందం లెక్కేసుకుని గోడ నుంచి అరంగుళం బయటికి ఉంచాలి. తాపీ మేస్త్రితో ముందే ఒక మాట అనుకోకపోతే మన బాక్సు లోతుకైనా పోతుంది, లేదా ప్లేటు గోడకి ఆనక పళ్ళికిలించినట్టు ఉంటుంది.

ఇక్కడే ఒక గొడవ. సైటులో టెంపరరీ కరెంటు బోర్డు ఇంకొకళ్ళు పెట్టింది. ఎర్త్ లేదు, కరెంటు పక్కకి కారితే లైను ఆపేసే ఆర్‌సీసీబీ లేదు, ఒక ఫ్యూజు మాత్రం ఉంది. వైరుకి మూడు చోట్ల టేపు చుట్టి ఉంది, అది క్యూరింగు నీళ్ళలో నానుతోంది. రెండో రోజు కటింగ్ మెషీను పట్టుకుని నిలబడితే చెయ్యి జిల్లుమంది. వదల్లేకపోయానేమో అనిపించిన ఒక క్షణం. అదృష్టం, కాళ్ళకి రబ్బరు బూట్లు ఉన్నాయి. ఆ సాయంత్రమే మాస్టారికి చెప్పి ఒక 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ కొనిపించి ఆ బోర్డుకే పెట్టాను, ఒక ఇనుప రాడ్డు తడినేలలో దిగ్గొట్టి ఎర్త్ ఇచ్చాను. "ఇల్లయ్యాక ఎలాగూ లోపలికి పనికొస్తుంది మాస్టారూ" అంటే ఒప్పుకున్నారు. ప్రాణం పేరు చెప్పి అడిగినదానికంటే ఇలా అడిగితే సులువుగా ఒప్పుకుంటారని అప్పటికే నేర్చుకున్నాను.

వైరు లాగే రోజు వచ్చింది. స్టీలు స్ప్రింగు ఒక మూతిలోంచి తోస్తే ఇంకో మూతిలోంచి రావాలి. దాని కొసకి వైర్లు కట్టి లాగడమే. పడగ్గదులు అయిపోయాయి, వంటగది అయింది. హాలులో ఫ్యాను బాక్సులోంచి స్ప్రింగు తోస్తే తొమ్మిది అడుగులు వెళ్ళి ఆగింది. తిప్పి తోశాను. ఆగింది. బోర్డు వైపు నుంచి తోశాను. అటూ ఆగింది. స్ప్రింగు బయటకి తీసి చూస్తే కొసకి బూడిద రంగు పొడి. వేలితో నలిపితే గరగర. సిమెంటు.

అలాంటప్పుడు కడుపులో ఏమవుతుందో ఈ పని చేసినవాళ్ళకే తెలుసు.

ముందు మా మేస్త్రి గారికి ఫోన్ చేశాను. అంతా విని, ఓ నిమిషం ఏమీ మాట్లాడకుండా, "స్లాబు పడతన్నప్పుడు ఎక్కడున్నావు?" అన్నారు. చెప్పాను. "మరింకేటి? నువ్వు ఇడ్లీ తిన్నావు, పైపు మాలు తాగింది. నెక్క సరిపోయింది" అని ఫోన్ పెట్టేశారు.

దారులు రెండు. ఒకటి, ఆ పైపు వదిలేసి పక్క గది నుంచి గోడల చుట్టూ తిప్పి కొత్త గాడి కొట్టి ఫ్యానుకి వెళ్ళడం. కానీ సీలింగు మీద ఆఖరి ఐదారు అడుగులు ఎలా? బయటికి పట్టీ వేయాలి. కొత్త ఇంట్లో హాలు మధ్యలో ప్లాస్టిక్ పట్టీ, నా మొదటి కాంట్రాక్టు. రెండోది, ఎక్కడ మూసుకుపోయిందో కనిపెట్టి, కింద నుంచి సీలింగు కొంచెం చెక్కి బాగుచేయడం. దానికి ఇంజినీరు గారు ఒప్పుకోవాలి, పైగా సరిగ్గా ఆ చోటే దొరకాలి. స్లాబంతా గుల్ల చేస్తే ఎవరూ ఊరుకోరు.

పైపు పొడవు తెలుసు, స్ప్రింగు ఎంత దూరం వెళ్ళిందో తెలుసు. ఫ్యాను నుంచి తొమ్మిది అడుగులు. తెలియనిదల్లా పైపు ఏ దారిన పోయిందన్నదే. ఇంజినీరు గారు తిట్టాక విప్పి మళ్ళీ పరిచాం కదా, ఆ కంగారులో హాలు పైపుని నేరుగా వేశామా, మెట్ల వైపు నుంచి ఒంపు తిప్పామా? నాకు ఒంపు గుర్తు. తమ్ముడు నేరుగానే అని ఒట్టేశాడు. రెండిటికీ మధ్య సీలింగు మీద మూడడుగుల తేడా వస్తుంది.

సాయంత్రం మాస్టారింటికి వెళ్ళి నిజం చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, పిల్లల లెక్కల పేపరు చూసినట్టు కళ్ళజోడు సర్దుకుని, "పైపు కనిపించేలా ఏదన్నా ఫొటో ఉందా?" అన్నారు. నా దగ్గర లేదు. అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ళమ్మాయి కొబ్బరికాయ ఫొటోలు. అమ్మాయి ఫోను తీసి వరసగా చూపించింది. అమ్మగారు కొబ్బరికాయ ఎత్తి పట్టుకున్న ఫొటో ఒకటి. ఆవిడ భుజం వెనకాల హాలు వైపు చువ్వలు, వాటి మీద నల్లటి పైపు. పెద్దది చేసి చూస్తే పైపు మెట్ల వైపు ఒంగి, మళ్ళీ తిరిగి బీము దగ్గరికి పోతోంది. ఒంపు దగ్గర ఒక కాలరు. చువ్వల మధ్య దూరం ఆరంగుళాలు అని నాకు తెలుసు. ఫ్యాను బాక్సు దగ్గర్నుంచి చువ్వలు లెక్కపెట్టాం, నేనూ మాస్టారూ, ఫోను మీద వేలు పెట్టుకుని. అటు పద్నాలుగు చువ్వలు, ఇటు ఐదు. కాలరు సరిగ్గా అక్కడుంది.

మర్నాడు ఇంజినీరు గారికి ఆ ఫొటో చూపిస్తే, "చువ్వకి ఉలి తగిలితే ఊరుకోను, రెండు చువ్వల మధ్యే చెక్కాలి, అరచేయంత కన్నా పెద్దది కాకూడదు" అని ఒప్పుకున్నారు. పరంజా మీద వెల్లకిలా పడుకున్నట్టు నిలబడి చిన్న ఉలితో మెల్లగా చెక్కాను. కళ్ళలో పడుతున్న రవ్వల వల్ల నీళ్ళు కారుతున్నాయి. రెండున్నర అంగుళాల లోతుకి పైపు తగిలింది. కాలరులోంచి పైపు ఒక వేలెడంత జారి బయటికొచ్చింది, ఆ సందులోంచి సిమెంటు పాలు లోపలికి కారి నాలుగంగుళాల పొడవున బిరడాలా గట్టిపడ్డాయి. ఆ ముక్క కోసి తీశాను. ఒక పైపు ముక్కని నిలువునా చీల్చి, రెండు కొసలమీదా తొడిగి, బైండింగ్ వైరు చుట్టి సొల్యూషన్ పూశాను. ఆ తర్వాత స్ప్రింగు తోస్తే జర్రున బోర్డులోంచి బయటికొచ్చింది. కింద మాస్టారు పట్టుకుని, "వచ్చిందయ్యా!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. ఆ కన్నం ఇంజినీరు గారు చెప్పిన మాలుతోనే పూడ్చాం. ఒకటిన్నర రోజు పోయింది. ఆ రోజుల కూలి నేను అడగలేదు, ఆయన ఇవ్వబోయినా తీసుకోలేదు.

తమ్ముణ్ణి ఏమీ అనలేదు. నిలబడాల్సింది నేను, వాడు కాదు.

వైర్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇక్కడే మోసపోతారు, లేదా మనల్ని అనుమానిస్తారు. మాస్టారి వయసువాళ్ళు ఇప్పటికీ "3/20 వేయి, 7/20 వేయి" అంటారు. అంటే 20 గేజి తీగలు మూడు పేనినది, ఏడు పేనినది. ఇప్పుడు స్క్వేర్ ఎంఎం లెక్క. లైట్లకీ ఫ్యాన్లకీ 1.5, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకి 4. గీజరు రెండు వేల వాట్లయితే 230 వోల్టుల మీద దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, అది 2.5 తీగ మోస్తుంది. ఏసీ అయితే గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది, పైన గదికి దూరమూ ఎక్కువ, అందుకే నేను 4 వేస్తాను. మాస్టారు "ఇంత లావు అవసరమా?" అంటే వాదించలేదు. పక్క సైటులో ఏసీకి సన్న వైరు వేసి, ప్లగ్గు దగ్గర పసుపుపచ్చగా మాడిన సాకెట్టు ఒకటి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అది తీసి ఆయన చేతిలో పెట్టాను. మళ్ళీ అడగలేదు.

అమ్మగారు మాత్రం ప్లాస్టరింగు అయ్యాక ఒక్కొక్క పాయింటూ గుర్తు తెచ్చుకున్నారు. దేవుడి గదిలో చిన్న లైటు. వంటింటి గట్టు మీద గ్రైండరుకీ మిక్సీకీ విడివిడిగా. "రెండూ ఒకేసారి వాడరు కదమ్మా" అంటే, "పండక్కి గారెల పిండి రుబ్బుతూ పచ్చడి మిక్సీలో వెయ్యనా?" అన్నారు. ఆ ఇంట్లో వంట చేసేది ఆవిడ, నేను కాదు. గోడ మళ్ళీ కోశాను. అప్పట్నుంచి స్లాబు రోజే వంటగది గురించి మాస్టార్లని కాకుండా అమ్మగార్లనే అడుగుతున్నాను.

మెయిన్ బోర్డు ఎక్కడ పెట్టాలన్నది మా మేస్త్రి గారు ఖచ్చితంగా చెప్పే ఒకే ఒక్క విషయం. తూర్పు గోడకి బయట పెట్టొద్దు అంటారు. దానికి కారణం హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. నేనప్పుడు ఐటీఐ రెండో సంవత్సరం. ఆ రోజు వాన పైనుంచి పడలేదు, అడ్డంగా కొట్టింది. స్తంభాలు వరసగా పడిపోయాయి, మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు తిరిగి వచ్చేముందు మేస్త్రి గారు ఇంటింటికీ తిరిగి మీటరు బాక్సులు విప్పి ఆరబెట్టారట. బయట గోడ మీద ఉన్న బోర్డుల్లో ఉప్పునీళ్ళు చేరి, స్క్రూలు తుప్పుపట్టి తిరగలేదట. ఈ ఊళ్ళో గాలిలోనే ఉప్పుంటుంది. బీచి దగ్గర ఇళ్ళలో బయటి లైట్లకి ఇత్తడి స్క్రూలు వేయకపోతే రెండేళ్ళకి తల ఊడొస్తుంది. మాస్టారింట్లో మెయిన్ బోర్డు మెట్ల కింద, లోపలి గోడకి పెట్టాను.

ఎర్త్ గుంట తవ్వడం మధురవాడలో తేలిక కాదు. పైన మూడడుగులు గ్రావెల్, కింద రాయి. రెండున్నర మీటర్ల జీఐ పైపుకి, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపుకి, గుంట తవ్వడానికి ఇద్దరికి ఒక రోజు పట్టింది. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసి, మర్నాడు ఎర్త్ టెస్టరు పెట్టి చూస్తే తొమ్మిది ఓమ్‌లు. ఈ అంకె ఎంత తక్కువుంటే అంత మంచిది, అందుకే నాకు నచ్చలేదు. పైపు పొడవంత దూరం వదిలి, ఇంటి వెనక వైపు రెండో గుంట తవ్వించి రెండింటినీ కలిపాను. ఈసారి ఐదు లోపు వచ్చింది. "ఎండాకాలం నెలకోసారి ఇక్కడో బక్కెట్టు నీళ్ళు పొయ్యండమ్మా" అని చెప్తే, "తులసికోట పక్కనే కదా, రోజూ పోస్తాను" అన్నారు.

ఫిటింగులు అయ్యాక 500 వోల్టుల మెగ్గరుతో ఒక్కో లైను చూశాను. బల్బులు తీసేసి, స్విచ్చులన్నీ ఆన్ చేసి, ఫేజుకీ ఎర్తుకీ మధ్య. అన్నీ బాగానే ఉన్నాయి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు గారి చేత టెస్టు రిపోర్టు సంతకం చేయించి ఇచ్చాం, కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళు మీటరు పెట్టారు. కరెంటు వచ్చింది. నేను సంతోషంగా గాజువాక వచ్చేశాను.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు సాయంత్రం ఆరున్నరకి ఫోన్. "బాబూ, కరెంటు పోతోంది. బయట అందరికీ ఉంది, మాకే లేదు." వెళ్ళేసరికి పైన ఆర్‌సీసీబీ ట్రిప్పై పడిపోయి ఉంది. లేపాను, నిలిచింది. ఓ పావుగంట కూర్చుని కాఫీ తాగి వచ్చేశాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ. ఈసారి కింద. పగలంతా ఏమీ లేదట.

నాకు ముందు అనుమానం తడి మీద పోయింది. ప్లాస్టరింగు ఇంకా ఆరలేదేమో అనుకున్నాను. గీజరు విప్పాను, మోటారు లైను తీసేశాను. మళ్ళీ మెగ్గరు పెట్టాను, బాగుంది. చివరికి మెట్ల మీద చతికిలబడి కూర్చుంటే అమ్మగారు దీపాలు పెట్టే వేళయిందని వచ్చి మెట్ల లైటు స్విచ్చు వేశారు. టక్కున పడిపోయింది. చీకట్లో ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం, అంటే చూసుకోవడానికి ప్రయత్నించాం.

ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్లో తిరిగి వచ్చిందా అని లెక్క చూసుకుంటుంది. తేడా వస్తే ఎవరి ఒంట్లోంచో, ఏ గోడలోంచో పోతోందని అర్థం చేసుకుని పడిపోతుంది. మెట్ల లైటు టూవే, కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. కింది ఇంటికో ఆర్‌సీసీబీ, పై ఇంటికో ఆర్‌సీసీబీ. ఆ లైటుకి ఫేజు కింది ఇంటి నుంచి వచ్చింది. న్యూట్రలు మాత్రం దగ్గరలో ఉందని పై ఇంటి జంక్షను బాక్సులోంచి తీశాం. కిందది చూస్తే వెళ్ళింది తిరిగి రాలేదు. పైదాన్ని చూస్తే వెళ్ళనిది వచ్చింది. ఏది ముందు పసిగడితే అది పడుతుంది. బల్బు తొమ్మిది వాట్లే, కానీ తొమ్మిదిని 230తో భాగిస్తే 39 మిల్లీ ఆంపియర్లు, 30 దాటేసింది. నేను టెస్టు చేసినప్పుడు ఆ హోల్డరులో బల్బు లేదు. మాస్టారు తర్వాత కొని పెట్టుకున్నారు. మెగ్గరు ఎర్తుకి కారుతోందా అనే చూస్తుంది, ఈ ఇంటి న్యూట్రలు ఆ ఇంటికి ఇచ్చామా అన్నది దానికి పట్టదు.

మెట్ల పైపులో కింది న్యూట్రలు ఒక నల్ల వైరు కొత్తగా లాగి, పైది విడదీసి టేపు చుట్టాను. ఇరవై నిమిషాల పని. అది కనిపెట్టడానికి రెండు సాయంత్రాలు. ఇప్పుడు నేను మెగ్గరు అయ్యాక, కరెంటు వచ్చిన రోజు ప్రతి హోల్డరులోనూ బల్బు పెట్టి, ప్రతి స్విచ్చూ విడివిడిగా వేసి చూసేదాకా కదలను. ఆర్‌సీసీబీ మీదుండే టెస్టు బటను ఇంటివాళ్ళ చేతే నొక్కిస్తాను, టక్కున పడితే వాళ్ళకీ దాని మీద నమ్మకం కుదురుతుంది.

గృహప్రవేశం రోజు అమ్మగారు మా ఇద్దరికీ బట్టలు పెట్టారు. మాస్టారు ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు. అందులో స్లాబు రోజు ఫొటోలన్నీ ఉన్నాయి. పైస్లాబు ఫొటోలు మాత్రం నేను తీసినవి. ప్రతి గదిలోనూ టేపు పరిచి, ఫ్యాను బాక్సు నుంచి గోడదాకా కొలతలు కనపడేలా తీశాను. వాటినే ప్రింటు తీయించి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించుకున్నారట ఆయన. ఎప్పుడైనా గోడకి మేకు కొట్టాలంటే అది చూసి కొడతారట. నాకు తెలిసి ఏ ఇంజినీరూ ఈ పని చేయలేదు.

తమ్ముడు ఇప్పుడు సొంతంగా పీఎం పాలెంలో పనులు చేసుకుంటున్నాడు. నాకు రేపు ఎండాడలో స్లాబు. నాలుగింటికి బయల్దేరాలి. ఇడ్లీలు రాత్రికే ఇంట్లో చేయించి డబ్బాలో సర్దుకున్నాను, కాలర్ల పక్కన.